అంచు మీది పేరు

"మాస్టారూ, శనివారం పొద్దుటి బండికేనా? రెండు కడియాలూ, ఒక పాత వడ్డాణం ముక్కా పక్కన పెట్టాను" అన్నాను, ఫోన్‌లో ఆయన నంబరు చూసి. అటు నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"నేనండి ఆచారి గారూ. మీ మాస్టారు పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఇంట్లోవాళ్ళ తర్వాత మీకే చెబుతున్నాను."

అప్పుడు కుంపటి మీద మూసలో వెండి కరుగుతోంది. కిందటి శనివారం ఆయన ఒక్కొక్క ముక్కా తిప్పి చూసి, "ఇందులో ఏం లేదయ్యా, ఇక కరిగించుకో" అన్న వెండే అది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మూస దించి, కుంపటి ఆర్పి, కొట్టు షట్టరు లాగి, బాపట్ల వెళ్ళే బండి కోసం స్టేషనుకి నడిచాను. నిడుబ్రోలు దాటాక చూసుకుంటే, నేను బండెక్కించినప్పుడల్లా ఆయన కూర్చునే కిటికీ వైపే కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను.

నేను తెనాలిలో వెండి బంగారాల పని చేసేవాణ్ణి. చదివింది పదో తరగతి. రాయడం నాకు అలవాటు లేని పని. ఈ నాలుగు మాటలూ మూడుసార్లు రాసి కొట్టేసి నాలుగోసారి మొదలుపెట్టాను. ఆయన బాపట్లలో హైస్కూలు పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. నేను ఆయన క్లాసులో ఏనాడూ కూర్చోలేదు. ఆయనే వచ్చి నా కొట్లో కూర్చున్నారు, ఇరవై ఏళ్ళ పాటు, ప్రతి శనివారం.

మొదటిరోజు ఆయన్ని చూసి ఆదాయపు పన్ను మనిషి అనుకున్నాను. తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి, జేబులో భూతద్దం.

"పాత వెండి కరిగిస్తారా?" అని అడిగారు.

"కరిగిస్తామండి. తెచ్చారా?"

"తేలేదు. మీ దగ్గరున్నది చూద్దామని వచ్చాను."

"చూడ్డానికి ఇదేం ఎగ్జిబిషన్ కాదండి" అన్నాను. నాకు మొదట్నుంచీ నోటి దురుసు ఎక్కువ.

ఆయనకి కోపం రాలేదు. ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. "ఒక్క మాట చెబుతాను. విన్నాక పొమ్మంటే పోతాను. మన అమ్మమ్మలూ నానమ్మలూ మొలతాళ్ళకీ, మెడతాళ్ళకీ కాసులు కట్టుకునేవారు కదా? వాటిలో వందకొకటి కాదు, వెయ్యికొకటి ఏ వెయ్యేళ్ళ నాటిదో ఉంటుంది. నీ మూసలో పడ్డ మరుక్షణం అది ఉత్త వెండి. దాంట్లో వేసే ముందు నాకొక్కసారి చూపించు. నేను కాదంటే ఇక నీ ఇష్టం."

ఆ మాట అడిగిన తీరు నాకు నచ్చింది. కొనుక్కుంటాననలేదు, ఇమ్మనలేదు, చూపించమన్నారు. ఆరోజు నుంచి మా కొట్లో ఒక ఆనవాయితీ మొదలైంది. వారంలో వచ్చిన పాత వెండంతా ఒక ఇత్తడి పళ్ళెంలో వేసి పక్కన పెట్టేవాణ్ణి. శనివారం పొద్దున ఆయన దిగేవారు. ఆయన చూసేదాకా కరిగించేవాణ్ణి కాదు. పట్టీలకి తొందరపడే వాళ్ళు విసుక్కునేవారు. మా ఆవిడ దాన్ని శనివారం పూజ అనేది.

కొట్లోకి రాగానే ఆయన రుమాలుతో ముందు చేతులు తుడుచుకునేవారు. నాణెం ఏదైనా అంచులు పట్టుకుని ఎత్తేవారు తప్ప మొహం మీద వేలు పెట్టేవారు కాదు. నాణెం చేతిలో ఉన్నంతసేపూ టీ ముట్టరు. టీ చల్లారిపోయేది. చల్లారిన టీ తాగి, "బాగుందయ్యా" అనేవారు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా వేడి టీ తాగారో లేదో నాకు గుర్తు లేదు.

ఆయన పిచ్చి నాకు కొంచెం కొంచెంగా అర్థమైంది. పాతకాలంలో నాణేలు మిషన్లలో పుట్టలేదు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ వెండి బిళ్ళ. పైనుంచి సుత్తి దెబ్బ. అంతే. ఒక దెబ్బ సూటిగా పడుతుంది, ఒకటి పక్కకి పోతుంది, అందుకని ఏ రెండూ ఒక్కలా ఉండవు. మన వైపు ఆ నాటివి బంగారంలోనూ రాగిలోనూ కనిపిస్తాయి గానీ వెండివి బాగా అరుదని చెప్పేవారు. అందుకే ఆయనకి వెండి మీద పట్టుదల. మనకి దగ్గర్లోనే చందోలు నుంచి సామంతులు ఏలారు. సామంతుడంటే పెద్ద రాజుకి లోబడి ఒక సీమని చూసుకునే చిన్న ప్రభువు. వాళ్ళలో ఎవరైనా పెద్ద రాజు గుర్తు వరాహంతో పాటు తన పేరు కూడా వేయించుకుని, సొంతంగా వెండి నాణెం కొట్టించాడా? ఆయన జీవితమంతా వెతికింది ఈ ఒక్క ప్రశ్నకి జవాబు.

"పెద్దవాడి బొమ్మ నడుమ ఉంటుంది. సామంతుడి పేరు అంచున ఉంటుంది" అన్నారొకసారి. "అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. సుత్తి కాస్త పక్కకి పడిందంటే నడుమ ఉన్నవాడు మిగులుతాడు, అంచున ఉన్నవాడు ఎగిరిపోతాడు. వాడి కోసమేనయ్యా నా తిప్పలన్నీ."

దొరికిన నాణేలకి ఆయన కవర్లు తనే చేసుకునేవారు. పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి, మైదాపిండి ఉడికించి అంటించేవారు. కవరు మీద ఎక్కడిది, ఎవరి ద్వారా వచ్చింది, బరువెంత, బొమ్మ ఏమిటి అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. చివర అన్నిటి మీదా ఒకటే మాట ఉండేది: కొట్టిన చేయి తెలియదు.

"తెలియనప్పుడు రాయడమెందుకండీ?" అని అడిగాను.

"రాజు పేరు అందరూ వెతుకుతారు. సుత్తి పట్టినవాడు నీలాంటి వాడే కదా. వాడి పేరు మనకి తెలియదన్న సంగతైనా కాగితం మీద ఉండాలి" అన్నారు.

మా నాన్న, తాత, వాళ్ళ నాన్న అందరూ ఈ కుంపటి ముందు కూర్చున్నవాళ్ళే. వాళ్ళ గురించి అంత మర్యాదగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆరోజు ఆయన టీ నేనే మళ్ళీ వేడి చేయించాను. అదీ చల్లారిపోయింది.

రాత విషయంలో మాత్రం ఆయన మహా గట్టివారు. తన కంటితో చూడనిది కాగితం మీద పెట్టేవారు కాదు. పొన్నూరు నుంచి ఒకాయన వచ్చి, మా తాత దగ్గర ఫలానా నాణెం ఉండేది, నేను చూశాను, రాసుకోండి మాస్టారూ అని ఎంత బతిమాలినా పెన్ను తీయలేదు. "మీరు చూసుంటారండి, కాదనను. కానీ నేను చూడలేదు. ఎలా రాస్తాను?" అన్నారు. ఆ పొన్నూరాయన అలిగి వెళ్ళిపోయాడు.

ఒక వేసవిలో మాస్టారికి కొత్త కోరిక పుట్టింది. "మనమూ ఒకటి కొడదాం ఆచారీ. వందసార్లు చదివాను గానీ నా చెయ్యి ఎరగదు" అన్నారు. రెండు ఇనప దిమ్మల మీద అచ్చులు చెక్కాను. ఒకదాని మీద వరాహం, రెండోదాని మీద తెనాలి అని ఊరి పేరు. నా వరాహం పందికొక్కులా ఉందని చాలాసేపు నవ్వారు. కింది అచ్చు, సుత్తి దెబ్బ కాచే దాగలి మీద బిగించి, వెండి బిళ్ళని కాల్చి మెత్తబరిచి దాని మీద పెట్టి, పై అచ్చు నేను పట్టుకున్నాను. సుత్తి ఆయన తీసుకున్నారు. సుద్దముక్క తప్ప బరువు ఎరగని చెయ్యి.

"మాస్టారూ, నా వేళ్ళు జాగ్రత్తండి."

"నీ వేళ్ళే కనిపిస్తున్నాయయ్యా, అందుకే చెయ్యి లేవడం లేదు."

చివరికి కళ్ళు మూసుకుని కొట్టారు. నా వేళ్ళు బతికాయి గానీ దెబ్బ పక్కకి పడింది. తెనాలిలో 'తె' ఎగిరిపోయి మిగతాది మిగిలింది. ఆయన దాన్ని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. "చూశావా! సరిగ్గా ఇలాగేనయ్యా పోయింది వాళ్ళ పేరు!" అని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కూడా చూపించారు. తర్వాత గుర్తొచ్చి, దాని వెనక 'నకలు' అని నా చేత కొట్టించారు. రేపు ఎవరి చేతికి వెళుతుందో, వాళ్ళు మోసపోకూడదని.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికే మూడుసార్లు రాసి కొట్టేసింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక గురువారం రేపల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మనవరాలికి పట్టీలు చేయించాలని వాళ్ళ నానమ్మ నాటి వెండి మొలతాడు తెచ్చింది. దానికి ఒక కాసు వేలాడుతోంది. నల్లగా ఉంది, అంచున కొక్కెం అతికించి ఉంది. అప్పటికి నాకూ కొంత చూపు వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే నడుమ వరాహం వీపు కనిపించింది. అంచున, కొక్కెం అతుకు పక్కనే, రెండు చిన్న అక్షరాల్లాంటివి కనిపించాయి. ఆవిడతో చెప్పి, ఆ కాసుకి బదులు అంతే వెండి పట్టీల్లో కలిపి, దాన్ని నా దగ్గర ఉంచుకున్నాను.

శనివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. మా పనిలో ఒక మర్యాద ఉంది. మా చేతిలోంచి ఏ వస్తువూ మాసి బయటికి వెళ్ళకూడదు. తెగిన పట్టీకి అతుకు వెయ్యమని ఇచ్చినా సరే, కుంకుడు రసంలో తోమి, మెరుగు పెట్టి ఇస్తాం. అడగకపోయినా ఇస్తాం. మాస్టారు పళ్ళెంలోంచి నల్లగా ఉన్నవి నల్లగానే తీసుకునేవారు కాబట్టి మెరుగు సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఇది మిగతా వాటిలాంటిది కాదు కదా అనుకున్నాను. జీవితమంతా వెతికిన మనిషి చేతిలో మసిబొగ్గులాంటి కాసు పెడతానా అనుకున్నాను. కొక్కెం కోసేశాను. అతుకు ముద్దని ఆకురాయితో అరగదీశాను. యాసిడ్‌లో వేసి తీసి, ఇత్తడి బ్రష్‌తో తోమి, చివర మెరుగు పెట్టాను. అక్షరాలు అప్పటికే వెంట్రుకవాసి ఎత్తున మిగిలి ఉన్నాయి. నలుపుతో పాటు అవీ పోతున్నాయని నా చేతికి తెలియలేదు. ముప్ఫై ఏళ్ళ పనితనం ఉన్న చెయ్యి.

శనివారం పళ్ళెంలో తమలపాకు వేసి దాని మీద పెట్టాను. ఆయన రుమాలు తీసి, చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని ఎత్తారు. చాలాసేపు చూశారు.

"అంచున ఏమైనా ఉండేదా ఆచారీ?" అన్నారు.

"రెండు అక్షరాల్లా ఉన్నాయండి."

"ఏ అక్షరాలు?"

"నాకు తెలియలేదండి. మీరొచ్చి చదువుతారని..."

ఆయన మొహం చూశాక నేనేం చేశానో తెలిసింది. "బాగా మెరుస్తోందయ్యా" అన్నారు. దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని, టీ తాగకుండా, ఎప్పుడూ ఎక్కే బండికంటే ముందు బండికి వెళ్ళిపోయారు.

తర్వాత మూడు శనివారాలు ఆయన రాలేదు. ఫోన్ చేసే ధైర్యం నాకు లేదు. పళ్ళెం నిండిపోయింది. నాలుగో శనివారం మామూలు వేళకి వచ్చి, "ఏంటయ్యా, ఇంత పోగేశావు" అని పీట లాక్కుని కూర్చున్నారు. ఆ కాసు ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన ఒక వ్యాసం రాసి, పంపే ముందు నాకు చదివి వినిపించారు. చివరి వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "సామంతుల పేరుతో ఇక్కడ వెండి నాణేలు ఉండి ఉండవచ్చు, అటువంటిది ఇంతవరకు నా కంటపడలేదు." చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను కుంపటి వైపు తిరిగి, ఆరని నిప్పుని ఊదుతూ కూర్చున్నాను. ఆయన కంటపడకుండా చేసింది నేనని మా ఇద్దరికీ తెలుసు. క్షమించారా, ఓర్చుకుంటున్నారా అన్నది మాత్రం ఆయన పోయేదాకా నాకు తెలియలేదు. అడిగితే చెప్పేవారేమో. నాకు నోటి దురుసు ఉంది గానీ ఆ ఒక్క మాటకి నోరు రాలేదు.

పదోరోజు మళ్ళీ బాపట్ల వెళ్ళాను. అమ్మగారు లోపలి నుంచి రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. "ఇవన్నీ మ్యూజియంకి ఇచ్చెయ్యమని రాసిపెట్టారండి. ఇదొక్కటీ మీకిమ్మన్నారు" అని ఒక క్యాలెండరు కాగితం కవరు తీశారు. తెరవకముందే అదేమిటో నాకు తెలుసు.

"అమ్మగారూ, అప్పుడు మూడు వారాలు రాలేదు మాస్టారు" అన్నాను. అంతకంటే ఎలా అడగాలో తెలియలేదు.

"తిట్టారండి మిమ్మల్ని" అన్నారావిడ, దాచకుండా. "ఆరోజు అన్నం తినలేదు. మూడు వారాలూ తిడుతూనే ఉన్నారు. అంత కోపం నేను పెళ్ళైనప్పట్నుంచీ చూళ్ళేదు. నాలుగో శనివారం పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయి, 'తమలపాకు కూడా వేశాడే వాడు' అన్నారు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత చెప్పులేసుకుని మీ దగ్గరికే వచ్చారు."

కవరు తిప్పాను. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. రేపల్లె వైపు నుంచి, ఒక మొలతాటికి ఉన్నది. బొమ్మ: వరాహం. కొట్టిన చేయి తెలియదు. తోమిన చేయి మనవాడిదే. దాని కింద వేరే సిరాతో, ఈ మధ్య చెయ్యి వణకడం మొదలయ్యాక రాసినట్టున్న ఒక వరస: "అంచున రెండు అక్షరాలు ఉండేవి. నేను చూడలేదు. ఆచారి చూశాడు."

ఎవరి మాటకీ పెన్ను తీయని మనిషి. నా కన్ను చూసినదాన్ని తన చేత్తో రాసిపెట్టి వెళ్ళారు. అమ్మగారి ముందే భోరున ఏడ్చాను. ఆవిడ లేచి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చారు. అది చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

మొన్న శనివారం కొట్టు తెరిచి, వారంలో వచ్చిన పాత వెండి ఇత్తడి పళ్ళెంలో వేసి, ముక్కాలి పీట పక్కన పెట్టాను. కవర్లోంచి కాసు తీసి అంచులు పట్టుకుని చూశాను. తొమ్మిదేళ్ళు కాగితంలో ఉండి చుట్టూ కొంచెం నలుపు తిరుగుతోంది. అలవాటు కొద్దీ నా బొటనవేలు దాని మీదికి వెళ్ళి, అంచు దగ్గర ఆగింది. పొద్దుటి బండి వచ్చి వెళ్ళిన చప్పుడు వినిపించింది. కాసుని పళ్ళెంలో పెట్టి, కుంపటి వెలిగించకుండా, నల్లబడుతున్న ఆ అంచుని చూస్తూ కూర్చున్నాను.